తడికీ పొడికీ మధ్య దశరథరామయ్య

నందిగామకు రైలు లేదు. జగ్గయ్యపేటకు పట్టాలున్నాయి గాని, వాటి మీద ప్రధానంగా ప్రయాణం చేసేది సిమెంటు. ఈ రెండు ఊళ్ళ మధ్య ముప్పై ఏళ్ళుగా ఆర్టీసీ బస్సులో తిరుగుతున్న కొత్తమాసు దశరథరామయ్యగారు ఇప్పటికి రైలెక్కింది మూడుసార్లు. రెండుసార్లు తిరుపతికి, ఒకసారి కాశీకి. మూడుసార్లూ కిటికీ పక్క సీటు దొరకలేదు. అటువంటి మనిషి వేలాదిమంది ప్రయాణికుల దృష్టిలో రైల్వేకు ఏకైక ప్రతినిధిగా స్థిరపడిపోయాడు. ఇందులో ఆయన ఆశయాల పాత్ర ఏమీ లేదు. ఉన్నదల్లా ఒక అలవాటు.

ఆయనకు జగ్గయ్యపేట మెయిన్‌బజారులో ప్లాస్టిక్ సామాన్ల కొట్టు ఉంది. బకెట్లు, డ్రమ్ములు, తాళ్ళు, కుర్చీలు అమ్ముతాడు. కానీ కొట్టు నిలబడింది టార్పాలిన్ల మీద. చుట్టుపక్కల మెట్ట ఊళ్ళలో మిరపకాయలు కల్లాల్లో ఎండే నెలల్లో ఆకాశం కాస్త ముఖం మాడ్చుకుంటే చాలు, రైతు చేసే ఫోను దశరథరామయ్య దగ్గరే మోగేది. గంటలో టార్పాలిన్ ఆటోలో బయల్దేరేది. చిల్లకల్లు నుంచి పెనుగంచిప్రోలు దాకా నలభై రెండు గోడల మీద ఆయన నంబరు నీలం రంగుతో రాసి ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా అదే నంబరు. సొంత పిల్లల పుట్టినరోజులు మరిచిపోయిన రైతులు కూడా ఆ పది అంకెలూ తడుముకోకుండా చెప్పగలరు.

ఫోను నంబరు లేని వస్తువు అసంపూర్ణమని ఆయన సిద్ధాంతం. కొట్టు సంచుల మీద, క్యాలెండర్ల మీద నంబరు వేయడం అందరూ చేసే పనే. దశరథరామయ్య గుడికి ఇచ్చిన ఫ్యాను రెక్కల మీద కూడా వేయించాడు. ఫ్యాను తిరిగేటప్పుడు కనిపించదు. కరెంటు పోయినప్పుడు భక్తులు ఉక్కపోతలో తలెత్తి మూడుసార్లు చదువుకుంటారు. తండ్రిగారి సంవత్సరీకం కార్డు మీద కూడా నంబరు ఉండటం చూసి బంధువులు మొదట ఆశ్చర్యపోయారు. తరువాత, భోజనాలెన్నింటికో కనుక్కోవడానికి అది పనికొచ్చిందని ఒప్పుకున్నారు.

కొట్టుకు తోడు నందిగామ శివారులో, హైవే పక్కన ఒక షెడ్డు ఉంది. పగిలిన బకెట్లు, విరిగిన కుర్చీలు అక్కడికి చేరతాయి. వాటిని రకాలుగా విడదీసి హైదరాబాదు పంపుతారు. ఆ పనికి పెద్ద నాగవల్లి. ప్లాస్టిక్ ముక్కను బొటనవేలుతో ఒకసారి నొక్కి అది ఏ జాతిదో చెప్పగలదు. మనుషుల విషయంలో కూడా దాదాపు ఇదే పద్ధతి పాటిస్తుంది. పొద్దున కొట్టు తెరిచి భార్య తాయారుకు అప్పగించి, దశరథరామయ్య నందిగామ బస్సెక్కేవాడు. సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. జీవితం ఇలా రెండు ఊళ్ళకూ సమానంగా పంచబడి, ఏ ఒడిదుడుకులూ లేకుండా సాగుతుండగా, మూడేళ్ళ క్రితం కిషోర్‌బాబు వచ్చాడు.

కిషోర్‌బాబు పరిటాలవాడు, ముప్పై దాటని మేనేజరు. రైలుపెట్టెల్లో పోగయ్యే చెత్తను ఎత్తే కాంట్రాక్టు తీసుకున్న విజయవాడ కంపెనీ ఒకదాంట్లో పని చేస్తాడు. ప్రయాణికులు చెత్తను డబ్బాలోనే తడీ పొడీ విడివిడిగా వేసేలా చేసి, పొడి చెత్తను మళ్ళీ వాడకానికి పంపాలన్నది కొత్త కార్యక్రమం. ప్రయోగాత్మకంగా నాలుగు రైళ్ళలో మొదలు. నీళ్ళ సీసాలు, భోజనం ప్యాకెట్ల అల్యూమినియం గిన్నెలు లారీలో నందిగామ షెడ్డుకు వస్తాయి. విడదీయడం, పంపడం దశరథరామయ్య బాధ్యత. సరుకు మంచిది, మనుషులున్నారు. ఆయన ఒప్పుకున్నాడు.

డబ్బాల మీద అంటించే స్టిక్కర్లు జగ్గయ్యపేట ప్రెస్సులో అయితే త్వరగా వస్తాయని కిషోర్‌బాబు ఆ పనీ ఈయనకే అప్పగించాడు. నమూనా ఫోనుకు పంపాడు. ఆకుపచ్చ డబ్బాకు ‘తడి చెత్త’, నీలం డబ్బాకు ‘పొడి చెత్త’, రెంటి కిందా ‘సహకరించండి’. దశరథరామయ్య కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చూశాడు. ఫోను నంబరు లేదు. ముహూర్తం వేయడం మరిచిపోయిన శుభలేఖ చూసినట్టు ఆయన మనసు చివుక్కుమంది. కుర్రాడు తొందరలో వదిలేసి ఉంటాడు, అడిగితే నొచ్చుకుంటాడు అనుకున్నాడు. పెద్దతరహాగా, ఎవరికీ చెప్పకుండా, ప్రెస్సువాడిచేత అడుగున ఒక వరుస చేర్పించాడు: ‘వివరములకు సంప్రదించండి’. పక్కన తన పది అంకెలు, ఎర్రరంగులో, మిగతా అక్షరాలకంటే ఒక సైజు పెద్దవిగా.

మొదటి కాల్ నాలుగో రోజు మధ్యాహ్నం వచ్చింది. బండి డోర్నకల్ దాటిందట. బిర్యానీ తిన్నానని, బొక్కలు ఏ డబ్బాలో వేయాలని ఒకాయన వినయంగా అడిగాడు. ఏడు తరాలుగా మాంసం ముట్టని ఇంటి మనిషి దశరథరామయ్య జీవితంలో మొదటిసారి ఎముకల మీద తీర్పు చెప్పవలసి వచ్చింది. ఒక్క క్షణం ఆలోచించి, ఎముకలు తడి అనీ, ప్యాకెట్టు పొడి అనీ, ప్యాకెట్టులో అన్నం మిగిలి ఉంటే దులిపి మరీ వేయాలనీ సెలవిచ్చాడు. అవతలి మనిషి కృతజ్ఞతలు చెప్పాడు. ఈయన ఫోను పెట్టేసి, దేశానికి ఏదో చేసినట్టు ఛాతీ కొంచెం ముందుకు పెట్టి కూర్చున్నాడు. ఆ భంగిమ పది రోజులు నిలిచింది.

ఆ తరువాత అరటి తొక్కలు వచ్చాయి. వేరుశనగ పొట్టు వచ్చింది. పసిపిల్లల డైపర్ల మీద ఒక విశాఖపట్నం దంపతులు భిన్నాభిప్రాయాలతో ఇద్దరూ ఒకే ఫోనులో మాట్లాడారు. ఇంకొన్నాళ్ళకు చెత్తతో సంబంధం లేని ప్రశ్నలు మొదలయ్యాయి. బాత్రూములో నీళ్ళు రావడంలేదన్నారు. పై బెర్తు మనిషి గురక పెడుతున్నాడన్నారు. మధిర ఎప్పుడొస్తుందని అడిగారు. అవన్నీ రైల్వేవారి 139కి చెప్పాలండీ అని ఈయన మర్యాదగా చెప్పేవాడు. మీరు ఫోనెత్తారు కదా, మీరే చెప్పండి అనేవారు వాళ్ళు. కొట్టుమీద కూర్చున్నవాడు అడిగినవాళ్ళకు తెలీదని చెప్పడం ఆయన వంశంలో లేదు. ఒక టైంటేబుల్ పుస్తకం కొన్నాడు. రైలు ఎక్కకుండానే ఖాజీపేటకూ గూడూరుకూ మధ్య ఏ బండి ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగుతుందో కంఠస్థం చేశాడు. అదే ఆయన చేసిన రెండో పొరపాటు.

కంపెనీవారు పైవారికి మూడు నెలలకోసారి నివేదిక పంపాలి. అందులో ‘ప్రయాణికుల స్పందన’ అని ఒక గడి ఉంటుంది. అందరి నివేదికల్లోనూ ఆ గడిలో ‘సంతృప్తికరం’ అన్న ఒక్క మాట ఉండేది. కిషోర్‌బాబు నివేదికలో ఆరువందల పన్నెండు కాల్స్, సగటున నాలుగు నిమిషాల్లో సమాధానం అని ఉంది. పైన ఎవరో ఆ అంకెల కింద గీత గీశారు. నాలుగు రైళ్ళు పదకొండయ్యాయి. పదకొండు ఇరవై ఆరయ్యాయి. షెడ్డులో నాగవల్లి కింద తొమ్మిదిమంది ఆడవాళ్ళుండేవారు, ఇరవై ఒక్కమందయ్యారు. రెండో ఏడు ఒప్పందం కాగితాల్లో, పన్నెండో పేజీలో, హెల్ప్‌లైను నిరంతరం పనిచేయవలెనని ఒక షరతు చేరింది. దశరథరామయ్య రవాణా షరతులన్నీ వేలు పెట్టి చదివి, పన్నెండో పేజీ మీద కొట్టు ముద్ర వేశాడు. హెల్ప్‌లైను అంటే తానేనని అప్పటికి ఆయనకు తోచలేదు.

ఆనాటి నుంచి ఆయన ఒంటరిగా ఉన్న నిమిషం లేదు. స్నానానికి వెళితే ఫోను ప్లాస్టిక్ కవరులో పక్కనే వేలాడేది. పెళ్ళిళ్ళలో అక్షింతలు ఎడమచేత్తో వేసేవాడు. బస్సులో పక్క సీటువాళ్ళు, ఈ పెద్దాయనకు రైళ్ళ పిచ్చి కాబోలు, మరి బస్సులో ఎందుకు వస్తున్నాడో అని జాలిపడేవారు. ఎక్కడో ఒక బండి ఏసీ పెట్టెలో చల్లదనం ఎక్కువైతే నందిగామ షెడ్డులో నలభై మూడు డిగ్రీల ఎండలో చెమట తుడుచుకుంటూ ఈయన క్షమాపణ చెప్పేవాడు.

మార్చి చివర ఒక మధ్యాహ్నం జరిగిన సంగతితో ఇది నవ్వుకునే వ్యవహారం కాకుండా పోయింది. ఆ రోజు స్టీవెన్ అనే ఒక ప్రయాణికుడు కాగితం టీ కప్పు తడా పొడా అన్న విషయం ఎత్తాడు. లోపల టీ మిగిలి ఉంది కనుక తడి, కాగితం కనుక పొడి, కాగితానికి లోపలివైపు సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది కనుక రెండూ కాదు. స్టీవెన్ లెక్చరరు, ఊరికే వదిలే మనిషి కాదు. నలభై నిమిషాలు చర్చ నడిచింది. ఆ నలభై నిమిషాల్లోనే పెనుగంచిప్రోలు వైపు మబ్బు కమ్మింది.

మర్నాడు పొద్దున హరిచరణ్ అనే రైతు జగ్గయ్యపేట కొట్టుకు వచ్చాడు. దశరథరామయ్య అప్పటికే బస్సెక్కి వెళ్ళాడు. హరిచరణ్ తువాలులోంచి గుప్పెడు మిరపకాయలు తీసి తాయారు ముందు బల్ల మీద పోశాడు. ఎరుపు దిగిపోయి, తెల్లటి మచ్చలు పడి, తాలుగా మారిన కాయలు.

“తాయారమ్మగారూ, షావుకారుగారికి పదకొండుసార్లు చేసా. ప్రతిసారీ వేరేవాళ్ళతో మాట్లాడుతున్నారనే వచ్చింది. మా నాన్న కాలంలో ఒక్కసారి చేస్తే సరిపోయేది. ఇంకోళ్ళకి చెయ్యాలని తోచనే లేదండీ నాకు. అదీ నా తప్పు.”

అతను కోపంగా అని ఉంటే తాయారు తట్టుకునేది. అతను తప్పు తన మీద వేసుకుని, కావాల్సిన టార్పాలిన్లు కొనుక్కుని మరీ వెళ్ళాడు.

ఆ సాయంత్రం దశరథరామయ్య కంచం పక్కన చిన్న స్టీలు గిన్నెలో ఆ తాలుకాయలు ఉన్నాయి. ఏమిటివని అడిగాడు. ఆమె జరిగింది చెప్పింది. అంతలో ఫోను మోగింది. ఆయన దాని వంక చూశాడు, భార్య వంక చూశాడు, మళ్ళీ దాని వంక చూశాడు.

“ఎత్తండి, పాపం ఎవరికో అరటి తొక్క మిగిలుంటుంది,” అంది తాయారు.

ఆయన ఎత్తలేదు. ఫోను మోగి మోగి ఆగింది. అప్పుడామె ఈ నంబరు కొట్టుదో రైలుదో తేల్చుకొమ్మంది. రైలుదైతే కొట్టుకు కొత్త నంబరు తీసుకుందామంది. ఆయన ఒప్పుకోలేదు. నలభై రెండు గోడలు, ఇరవై రెండేళ్ళు, రైతుల నోళ్ళలో నానిన పది అంకెలు. రైళ్ళు ఇవాళ వచ్చినవి. నంబరు కొట్టుది. దాన్ని వెనక్కి తెచ్చుకు తీరతానని తాలుకాయల సాక్షిగా మాటిచ్చాడు. తెచ్చుకోలేకపోతే ఏమిటన్నది తాయారు అప్పుడు అడగలేదు.

ఆ మాట నిలబెట్టుకోవడానికి ఆయన చేసిన ప్రయత్నాలు క్రమపద్ధతిలో సాగాయి, క్రమపద్ధతిలోనే విఫలమయ్యాయి. ముందు కిషోర్‌బాబును అడిగాడు. “మీ నంబరు లేకపోతే మన కార్యక్రమంలో మిగిలేది చెత్తే కదా రామయ్యగారూ,” అని అతను ఆప్యాయంగా చెయ్యి పట్టుకున్నాడు. తరువాత ఒక సోమవారం ఫోను రెండు గంటలు ఆపేసి చూశాడు. పేపరు మొత్తం చదివాడు. ఒక కునుకు తీశాడు. మళ్ళీ ఆన్ చేసేసరికి పన్నెండో పేజీని గుర్తు చేస్తూ కంపెనీ నుంచి మెయిలు వచ్చి ఉంది. ఈయన ఫోను ఎత్తకపోవడం చరిత్రలో ఎరగని నందిగామ హోల్‌సేలు వ్యాపారులు ముగ్గురు, తాయారుకు ఫోను చేసి, గొంతు తగ్గించి, ఎప్పుడు జరిగిందమ్మా అని అడిగారు.

పోనీ సిమ్మునే కంపెనీకి అప్పగించి, కొట్టు నంబరు మార్చుకోవడం తప్ప గత్యంతరం లేదా అని ఒక బలహీన క్షణంలో ఆలోచించాడు. తీరా చూస్తే ఆ నంబరుకు ఆధారు, బ్యాంకు, గ్యాసు, జీఎస్టీ, ఇంటి పన్ను, ఆఖరుకు కళ్ళ ఆసుపత్రి చీటీ కూడా ముడిపడి ఉన్నాయి. నంబరు ఇచ్చేస్తే మిగిలే దశరథరామయ్యను ఏ కార్యాలయమూ గుర్తుపట్టదు. బ్యాంకులో మార్పించబోతే పాత నంబరుకే ఓటీపీ వచ్చింది. అది చదివి చెప్పేలోగా నెల్లూరు దాటిన బండిలోంచి ఒకావిడ పెరుగు కప్పు గురించి అడిగింది. సమాధానం చెప్పేసరికి ఓటీపీకి కాలం చెల్లిపోయింది.

మరి కాంట్రాక్టే మానేయవచ్చు కదా అని చదివేవారికి తోస్తుంది. ఆయనకూ తోచింది. ఆ ఆలోచనతో ఒకరోజు షెడ్డులోకి అడుగుపెట్టాడు. ఇరవై ఒక్కమంది ఆడవాళ్ళు వరుసగా కూర్చుని సీసాల మూతలు తీస్తున్నారు. నాగవల్లి లేచి, ఇంకో ఆరుగురు పనికి అడుగుతున్నారు, రమ్మనేదా షావుకారుగారూ అంది. ఆయన రమ్మనమన్నాడు.

మేలో కబురు తెలిసింది. కార్యక్రమాన్ని నూట ఎనిమిది రైళ్ళకు విస్తరిస్తున్నారు. జూన్ ఐదున, పర్యావరణ దినోత్సవం నాడు, విజయవాడలో సభ. రైల్వే పెద్ద అధికారి వస్తారు. దశరథరామయ్యగారికి సన్మానం. ఇరవై ఆరు రైళ్ళకే ఊపిరాడటంలేదు, నూట ఎనిమిది అంటే ఇక తన పీకను పొడి చెత్తలో వేసుకోవడమేనని ఆయనకు అర్థమైంది. పాత ఇరవై ఆరు రైళ్ళలోనూ కొత్త స్టిక్కర్లే అంటిస్తారు కనుక, అవి రైళ్ళెక్కకముందే ఆ అధికారి ఎదుట నిలబడి నంబరు తీసేయమని అడగాలి. ఇదే ఆఖరి అవకాశం. కిషోర్‌బాబుకు చెబితే సభ కార్యక్రమ పట్టికలోంచి తన ప్రసంగమే తీసేస్తాడని చెప్పకుండా ఊరుకున్నాడు.

సభకు నాగవల్లినీ తీసుకెళ్ళాడు. వేదిక ఎక్కేముందు ఫోను ఆమె చేతికిచ్చి, హాలు చివర తలుపు దగ్గర నిలబడి కాల్స్ చూసుకోమన్నాడు. జేబు ఖాళీగా వేదికెక్కుతుంటే ఆయనకు ఒళ్ళు తేలికైనట్టూ, కాస్త నగ్నంగా ఉన్నట్టూ అనిపించింది. వేదిక వెనక ఆయన స్టిక్కరునే ఇరవై అడుగుల ఫ్లెక్సీగా కట్టారు. ఒక్కో అంకె మనిషంత ఉంది. జ్యోతి వెలిగించారు. శాలువా కప్పారు. జూన్ ఉక్కలో ఆ శాలువాతో, తన నంబరులోని చివరి రెండు ఏడుల మధ్య నిలబడి, ఆయన మైకు అందుకున్నాడు.

మొదట అందరికీ నమస్కారం చెప్పాడు. తరువాత రాసుకున్న కాగితం మడిచేశాడు.

“అయ్యా, ఒక్కటే విన్నపమండి. కొత్త స్టిక్కర్ల మీద నా నంబరు తీసేయించండి. అది నా కొట్టు నంబరు. అడక్కుండా వేసింది నేనే, తప్పు నాదే. మా మిరప రైతులు వాన పడేటప్పుడు ఫోను చేస్తే దొరకటం లేదు నేను. ఒకాయన పంట తడిసిపోయింది. చెత్త పని మానేస్తాననటం లేదు. నంబరు ఒక్కటీ వదిలేయండి.”

సన్మానసభల్లో సన్మానితుడు ఏదైనా అడగడం ఆచారం కాదు గనుక ముందు వరుసవాళ్ళు ఆహ్వానపత్రం తిరగేసి చూసుకున్నారు. అధికారి మంచి మనిషి. కిషోర్‌బాబును పిలిచి సంగతేమిటని అడిగాడు. కిషోర్‌బాబు చెవిలో ఏదో చెప్పాడు. అధికారి ముఖం గంభీరమైంది. స్టిక్కర్లు ఇంకా రైళ్ళెక్కలేదు గాని, రెండు లక్షలు అచ్చయి గోడౌనులో సిద్ధంగా ఉన్నాయి. అంకెల మీద ఇంకో చిన్న స్టిక్కరు అంటిస్తే పోతుందని ముందు వరుసలోంచి ఎవరో సలహా ఇచ్చారు. అప్పుడు మొత్తం నాలుగు లక్షలవుతాయని పక్కాయన లెక్క తేల్చాడు. సలహా ఇచ్చినాయన కూర్చున్నాడు.

అధికారి మైకు దగ్గరకు వచ్చాడు. “రామయ్యగారూ, మీరడిగింది న్యాయం. తీసెయ్యటానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ చెత్త తగ్గించే కార్యక్రమం రెండు లక్షల స్టిక్కర్లు చెత్తలో పడేసి మొదలుపెట్టిందంటే రేపు నేనేం జవాబు చెప్పను? ఇవి కరిగించి మళ్ళీ వాడుకోవచ్చంటే చెప్పండి, ఇప్పుడే, ఇక్కడే రద్దు చేస్తా. ఆ సంగతి తెలిసిన మనిషి ఈ హాల్లో మీరొక్కరే.”

ఒక స్టిక్కరు తెచ్చి ఆయన చేతిలో పెట్టారు.

చేతికి తగిలిన మరుక్షణమే దశరథరామయ్యకు జవాబు తెలిసిపోయింది. అయినా సరుకు పరీక్షించకుండా మాట చెప్పడం ఆయనకు చేతకాదు. వేలితో సాగదీశాడు. గోటితో గీశాడు. ఇక మిగిలింది కాల్చి వాసన చూడటం. షెడ్డులో అయితే అగ్గిపెట్టె ఉంటుంది. ఆయన చుట్టూ చూసి, ఎంతో మామూలుగా వెళ్ళి, పర్యావరణ దినోత్సవ జ్యోతి మీద స్టిక్కరు మూల పెట్టాడు. ఫొటోగ్రాఫర్లు లేచారు. నల్లటి పొగ సన్నగా లేచింది. మంట ఊది ఆర్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. ఘాటుగా, ముక్కుపుటాలు మండేలా ఉంది. అనుమానం లేదు, కరిగించి వాడుకోవడానికి పనికిరాని పీవీసీ.

కళ్ళు తెరిచేసరికి హాలు చివర నాగవల్లి కనిపించింది. ఆమె చెవి దగ్గర ఫోను ఉంది. ఎవరితోనో మాట్లాడుతూనే, కళ్ళు పెద్దవి చేసి, తల కిందికీ పైకీ ఊపుతోంది. అవునని చెప్పెయ్యమని. ఒక్క మాట. ఆ హాల్లో ఎవరికీ తెలియదు. కొట్టు నంబరు కొట్టుకు వచ్చేస్తుంది. ఆకాశం మబ్బేస్తే రైతు ఫోను మొదటిసారికే మోగుతుంది. తాయారుకిచ్చిన మాట నిలబడుతుంది. ఇరవై రెండేళ్ళలో ఆయన చిల్లున్న టార్పాలిన్లు కూడా అమ్మాడు. అమ్మినప్పుడల్లా చిల్లు ఎక్కడుందో విప్పి చూపించి అమ్మాడు.

“కాదండి,” అన్నాడు మైకులో. “ఇది పనికిరాదు. కరగదు సరిగా. నీళ్ళ సీసాల సరుకులో దీని ముక్క ఒక్కటి పడినా మొత్తం పాడు.”

చప్పట్లు చాలాసేపు మోగాయి. సొంత నష్టానికి కూడా వెరవని ఇలాంటి మనుషులే ఈ కార్యక్రమానికి వెన్నెముక అని అధికారి గద్గదంగా చెప్పాడు. స్టిక్కర్లు అయిపోయిన తరువాత వేసే కొత్త విడతలో నంబరు తప్పనిసరిగా మారుస్తామని అక్కడికక్కడే ప్రకటించాడు. స్టిక్కర్లు ఎన్నాళ్ళకు అయిపోతాయని దశరథరామయ్య పక్కకు తిరిగి అడిగాడు. చిరిగినవాటి మీద కొత్తవి వేసుకుంటూ పోతే ఆరేళ్ళు వస్తాయని కిషోర్‌బాబు చెప్పాడు. నాణ్యమైన సరుకని కూడా చెప్పాడు.

తిరుగు బస్సులో నాగవల్లి ఫోను ఆయన చేతికిచ్చింది. పంతొమ్మిది కాల్స్ వచ్చాయని, పదిహేడింటికి చెప్పానని, రెండు హిందీలో వచ్చాయని లెక్క అప్పజెప్పింది. బస్సు ఊరు దాటాక అడిగింది.

“అవునంటే అయిపోయేదిగా షావుకారుగారూ. ఎవరు చూడొచ్చారు?”

“రద్దయితే అవన్నీ ఎక్కడికొచ్చేవి?”

“మన షెడ్డుకే.”

“రెండు లక్షలు. ఏం చేసేదానివి?”

పరిటాలలో రోడ్డు పక్కనున్న ఎత్తైన హనుమంతుడి విగ్రహం కిటికీలో కనిపించి వెనక్కి వెళ్ళేదాకా ఆమె ఆలోచించింది. “వెనకమాల పోసి కాల్చేవాళ్ళం,” అంది చివరికి.

“ఆ పొగ పీల్చేది ఎవరు, మన ఆడవాళ్ళు ఇరవై ఏడుగురూ కాదూ?” అని ఆయన ఇంకేదో అనబోయాడు. ఫోను మోగింది. ఎత్తాడు. బండి కొండపల్లి దాటిందట.

ఇంటికి చేరాక తాయారు మొత్తం విన్నది. శాలువా మడతపెట్టింది. అవునని చెప్పి ఉంటే బాగుండేదని అనలేదు. కాదని చెప్పి మంచి పని చేశారనీ అనలేదు. లోపలికి వెళ్ళి తన చిన్న ఫోను తెచ్చి బల్ల మీద పెట్టింది. అది ఇంతవరకూ చెల్లెళ్ళతో మాట్లాడుకోవడానికి తప్ప దేనికీ వాడినది కాదు.

“రేపట్నుంచి కొట్టు నంబరు ఇది,” అంది. “మీ గోడలన్నిటికీ సున్నం వేయించండి. నేను రాయిస్తా.”

మర్నాటి నుంచి పెయింటరు చిల్లకల్లులో మొదలుపెట్టాడు. ఒక్కో గోడ మీద నీలం అంకెలు తెల్లసున్నం కిందికి వెళ్ళిపోతుంటే దశరథరామయ్య బస్సు కిటికీలోంచి చూస్తూ వెళ్ళేవాడు. మొదటి పూత ఎండాక కూడా అంకెలు మసగ్గా కనిపించేవి. రెండో పూతకు పోయాయి. నలభై రెండో గోడ పూర్తయ్యేసరికి జగ్గయ్యపేటకూ పెనుగంచిప్రోలుకూ మధ్య ఆయన నంబరు ఎక్కడా లేదు. రైళ్ళలో మాత్రం లక్షకు పైగా చోట్ల ఉంది. కొట్టు బోర్డు మీద ప్రొప్రైటరు పేరు కూడా మార్చవలసి వచ్చింది. తాయారు మొదటి మోతకే ఫోనెత్తుతుంది. రెండు మాటల్లో బేరం ముగిస్తుంది. వ్యాపారం ఇదివరకటికంటే బాగా సాగుతోందని బజారులో చెప్పుకుంటున్నారు. ఆయన ముందు మాత్రం చెప్పుకోరు.

జూలైలో ఒక మధ్యాహ్నం షెడ్డులో ఉండగా ఫోను మోగింది. ఎవరో ప్రయాణికుడనుకుని, నమస్కారం చెప్పి, ఏ బండిలో ఉన్నారండీ అని అడిగాడు.

“నేనండీ షావుకారుగారూ, హరిచరణ్‌ని. మిరప నారుమడి మీదికి గ్రీన్‌నెట్ కావాలి. వేలు అలవాటుగా మీ నంబరే నొక్కేసింది.”

దశరథరామయ్య ముఖం వెలిగింది. ఎంత వెడల్పు కావాలని అడగబోయి, నిగ్రహించుకుని, తాయారు నంబరు రాసుకో బాబూ అన్నాడు. మొదటి నాలుగు అంకెలు చెప్పాడు. అక్కడ ఆగిపోయాడు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో భార్యకు ఫోను చేయవలసిన అవసరం ఆయనకు పడలేదు. ఆమే చేసేది. తెలిసిన అంకెలన్నీ తనవే. చెవిలో కాల్ వెయిటింగు బీప్ వినిపిస్తోంది. హరిచరణ్ ఓపిగ్గా లైనులో ఉన్నాడు.

సీసాల కుప్ప అవతల నుంచి నాగవల్లి మూతలు తీస్తూనే మిగతా ఆరు అంకెలూ బిగ్గరగా చెప్పింది. హరిచరణ్ రాసుకుని పెట్టేశాడు. ఆయన ఒక్క క్షణం ఫోను వంక చూసి, రెండో కాల్ ఎత్తాడు. వరంగల్లు దాటిన బండి. ఒక పిల్లతల్లి, పాలసీసా పగిలిందట, లోపల పాలు అలాగే ఉన్నాయట.

“ముందు పాలు తడిలో వంపేయండమ్మా,” అన్నాడు దశరథరామయ్య. “కంగారు పడకండి, నేను లైన్లోనే ఉంటా.”